భర్తకు ఇది మొదటి కేసు: కోర్టు ఏం శిక్ష వేస్తుంది?

పోయిన ఎపిసోడ్‌లో భార్యను కొట్టిన కేసు పోలీస్ స్టేషన్ నుంచి కోర్టు దాకా ఎట్లా వస్తుందో చెప్పుకున్నాం. ఈరోజు చివరి మెట్టు. నేరం రుజువైంది, ఇక శిక్ష ఎంత? మా అనంతపురం కోర్టు వరండాలో రెండు వైపులవాళ్లూ నన్ను అడిగేది ఒకటే. ముద్దాయి తల్లి, "మొదటి తప్పు కదా సార్, వదిలేస్తారు కదా?" అని ఆశగా అడుగుతుంది. అమ్మాయి తండ్రి, "మొదటి తప్పని వదిలేస్తారంట కదా సార్?" అని భయంగా అడుగుతాడు.

ఒక ఉదాహరణ అనుకుందాం, ఇది నేను కల్పించిందే. కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. మూడెకరాల మెట్ట, శెనక్కాయ వేశారు, వాన రాలేదు. ఇంట్లో అప్పు, ఆయనకు తాగుడు. ఒకరోజు రాత్రి భార్యను చేతులతో కొట్టాడు. ఒళ్లంతా దెబ్బలు, ఎముకైతే విరగలేదు. శిక్ష దగ్గరికి వచ్చేసరికి లాయరు ముందు కరువు గురించే చెబుతాడు. నేనూ చెప్పినవాణ్ణే. కానీ పక్కింటాయనకూ అదే పొలం, అదే అప్పు, ఆయన కొట్టలేదు కదా.

2024 జూలై 1 తర్వాత జరిగిన నేరాలకు భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. మామూలు దెబ్బలకు సెక్షన్ 115(2) కింద ఏడాది వరకు జైలు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. ఎముక విరిగితే 117(2), ఏడేళ్ల దాకా. పాత 498ఏ ఇప్పుడు సెక్షన్ 85, మూడేళ్ల వరకు జైలు, జరిమానా. ఇవన్నీ గరిష్ఠ శిక్షలు. అంత వేసి తీరాలని కాదు.

ఇక్కడే 1958 నాటి ప్రొబేషన్ చట్టం వస్తుంది. రెండేళ్లకు మించని శిక్ష ఉన్న నేరమై, ముందు శిక్ష పడి ఉండకపోతే, సెక్షన్ 3 కింద మందలించి పంపేయొచ్చు, బాండు కూడా ఉండదు. మామూలు దెబ్బల కేసు దీంట్లోకి వస్తుంది. సెక్షన్ 85 రాదు. దానికి సెక్షన్ 4 ఉంది: మూడేళ్లకు మించకుండా మంచి నడవడికకు బాండు రాయించుకుని విడిచిపెట్టడం. ప్రొబేషన్ ఇవ్వదగ్గ కేసులో ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో మెజిస్ట్రేటు కారణం రాయాలి. అట్లని అది ముద్దాయి హక్కు కూడా కాదు.

ఒకటి జాగ్రత్తగా వినండి. "మొదటిసారి" అంటే చట్టం దృష్టిలో మొదటిసారి శిక్ష పడటం, మొదటిసారి కొట్టడం కాదు. పదేళ్లుగా దెబ్బలు తిని, పెద్దమనుషుల పంచాయితీల్లో సర్దుకుని, పదకొండో ఏట కేసు పెట్టిన మనిషి భర్త కూడా కాగితం మీద మొదటిసారి నేరస్తుడే. ఆ పదేళ్లు కోర్టుకు కనపడాలంటే సాక్ష్యంలో రావాలి. ఆసుపత్రి చీటీ, స్టేషన్‌లో ఇచ్చిన పాత అర్జీ, ఏదున్నా మొదట్లోనే ఏపీపీకి ఇవ్వండి. శిక్ష రోజున ఏడ్చి చెబితే ఆలస్యమైపోతుంది.

సెక్షన్ 4లో నాకు చాలా ముఖ్యమనిపించేది నివాసం షరతు. ముద్దాయికి గానీ పూచీ ఇచ్చినవాడికి గానీ ఆ కోర్టు పరిధిలోనో, అతను ఉండబోయే చోటో స్థిరమైన ఇల్లో పనో ఉండాలి. మన జిల్లాలో వాన పోతే మనుషులు బెంగుళూరుకు పోతారు. బాండు ఇక్కడ, మనిషి అక్కడ ఏదో కట్టడం పనిలో. ఎవరు చూస్తారు? అందుకే ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణ పెట్టమని అడగాలి. అది పెడితే కనీసం ఏడాది ఉండాలి. ఎక్కడ ఉండాలి, మందు ముట్టకూడదు అని షరతులు రాయించొచ్చు.

షరతు తప్పితే? అసలు నేరానికే శిక్ష వేయొచ్చు. లేదా, తప్పడం మొదటిసారైతే, బాండు అట్లే ఉంచి జరిమానాతో సరిపెట్టొచ్చు. ఆ జరిమానా ఎంతనుకుంటున్నారు? యాభై రూపాయలకు మించకూడదు. 1958లో రాసిన అంకె, అట్లే ఉంది.

కాబట్టి బాండు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. 2005 గృహహింస చట్టం సెక్షన్ 26 ప్రకారం, రక్షణ ఉత్తర్వు, ఇంట్లో ఉండే హక్కు, భరణం ఇదే క్రిమినల్ కేసులోనూ అడగొచ్చు. రక్షణ ఉత్తర్వు మీరితే అది విడిగా ఇంకో నేరం, ఏడాది వరకు జైలు, ఇరవై వేల వరకు జరిమానా. యాభై రూపాయలకూ దీనికీ తేడా చూడండి.

ఇక డబ్బు సంగతి. జరిమానా మామూలుగా ప్రభుత్వానికి పోతుంది. అది కట్టడానికి ఇంట్లో శెనక్కాయల డబ్బు తీస్తే కొట్టించుకున్నామే నష్టపోయినట్టు. అందుకే జరిమానాలోంచి ఆమెకు పరిహారం ఇప్పించమని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 395 కింద అడగాలి. ప్రొబేషన్ ఇచ్చినా సరే, ఆ చట్టం సెక్షన్ 5 కింద పరిహారం ఇప్పించొచ్చు. కోర్టు వేసిన పరిహారం తక్కువైతే బాధితురాలు సొంతంగా అప్పీలు చేసుకోవచ్చు.

నన్నడిగితే ఆ ఉదాహరణలో ఏం శిక్ష కోరతానని? ముందు ఆమెనే అడుగుతాను. ఆయన జైలుకు పోతే పిల్లల ఫీజు ఎవరు కడతారని ఆమె అంటే ఒక దారి. ఆయన ఇంట్లో ఉంటే నేను నిద్రపోలేను సార్ అంటే ఇంకో దారి. ఆ మాట ఏపీపీ ద్వారా గానీ, కోర్టు అనుమతితో పెట్టుకున్న సొంత లాయరు ద్వారా గానీ తీర్పుకు ముందే మెజిస్ట్రేటు చెవిన పడాలి.