స్లాబ్ రోజు నీళ్ల పైపు మీద ఓ కన్నేయండి!

కొబ్బరికాయ కొట్టారు. మిల్లర్ తిరుగుతోంది. అమ్మ కూలీలకు టిఫిన్లు పంచుతోంది, నాన్న నిచ్చెన ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. మీరేమో ఫోన్‌లో వీడియో తీస్తున్నారు. ఇంతలో పైనుంచి ఓ కేక: "మాలు గట్టిగా వస్తోంది, ఇంకాస్త నీళ్లు పొయ్యి!" పైపు తిప్పారు. కాంక్రీటు జారుగా, హాయిగా పరుచుకుంది. అందరూ హ్యాపీ. కానీ మీ ఇంటి బలంలో కొంత అక్కడే పోయింది!

ఎందుకంటే, సిమెంటు గట్టిపడటానికి కావాల్సిన నీళ్లు తక్కువే. మిగతావి మెల్లగా ఆవిరైపోతాయి. అవి ఉన్న చోట కంటికి కనిపించని ఖాళీలు మిగులుతాయి. ఖాళీలు పెరిగితే బలం తగ్గుతుంది. వాటిలోంచి తేమ చేరి ఊచలకు తుప్పూ పడుతుంది.

ఎం20 అంటే ఎంత?

ఇనుప ఊచలు వేసే కాంక్రీటు కనీసం ఎం20 గ్రేడు ఉండాలంటుంది మన దేశ ప్రమాణం ఐఎస్ 456. అంటే 150 మిల్లీమీటర్ల ఘనాకారపు దిమ్మ 28 రోజులయ్యాక చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల ఒత్తిడి తట్టుకోవాలి. లెక్కేస్తే ఆ చిన్న దిమ్మ మీద దాదాపు 45 టన్నులు! సముద్రపు గాలి నేరుగా తగిలే కాంక్రీటుకైతే ఎం30 ఉండాలి.

సైటులో ఏం చూడాలి?

ఎం20కి మేస్త్రిలు వాడే పాళ్లు 1:1.5:3. ఒక వంతు సిమెంటు, ఒకటిన్నర ఇసుక, మూడు కంకర. తట్టలతో అంచనాగా కాకుండా కొలత పెట్టెతో పోయించండి. 50 కిలోల బస్తాకు నీళ్లు 30 లీటర్లు దాటకూడదు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. పైపు పక్కన పెట్టి, కొలత గీసిన బకెట్ వాడితే సగం గొడవ తీరినట్టే. మాలు సర్దుకోవడానికి వైబ్రేటర్ ఉంది కదా!

దిమ్మలు మర్చిపోవద్దు

1000 చదరపు అడుగుల స్లాబు 5 అంగుళాల మందంతో వేస్తే సుమారు 12 ఘనపు మీటర్ల కాంక్రీటు. దానికి కనీసం 2 శాంపిళ్లు, ఒక్కోదానికి 3 దిమ్మలు తీయాలి. మర్నాడు అచ్చు విప్పి నీళ్లలో ఉంచి, 28వ రోజున ల్యాబులో పరీక్ష చేయించాలి. పాళ్లు కలిపేది ఎవరైనా, అసలు మార్కులు ఇచ్చేది ఆ దిమ్మే.

తర్వాత క్యూరింగ్. మామూలు ఓపీసీ సిమెంటుకు కనీసం 7 రోజులు, ఇళ్లకు ఎక్కువగా వాడే పీపీసీకి 10 రోజులు స్లాబు తడారకూడదు. మన ఎండలకు 14 రోజులు తడిపితే ఇంకా మంచిది.

దిమ్మ ఫెయిలైతే?

వెంటనే పగలగొట్టక్కర్లేదు. ఇంజినీరు సలహాతో స్లాబు నుంచే కనీసం 3 కోర్లు తీసి పరీక్షించవచ్చు. వాటి సగటు బలం ఉండాల్సిన దాంట్లో 85 శాతం, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకుండా వస్తే గండం గడిచినట్టే. కానీ ఆ ఖర్చు, ఆ టెన్షన్ ఎవరికి కావాలి?

"ముప్పై ఏళ్ల నుంచి వేస్తున్నా బాబూ, నాకు తెలీదా?" అని మేస్త్రి గారు నొచ్చుకోవచ్చు. అందుకే ఈ మాటలు స్లాబ్ రోజు కాదు, రేటు మాట్లాడుకునే రోజే చెప్పండి. నాన్న ఏళ్ల తరబడి దాచిన డబ్బు అది. ఒక్క పూట వీడియో ఆపి, బకెట్ లెక్కపెడితే పోయేదేముంది?