కొనలో ఉన్నది కీలకం

పాఠ్యభాగ పరిచయం

ఆటవస్తువుల వెనుకనూ శాస్త్రం ఉంటుంది. పూల్ అనే ఆటలో తొలిదెబ్బకు వాడే కర్రకు ఎటువంటి కొన తగినదో వివరించడం ఈ పాఠం ఉద్దేశం. అభిఘాతం, ఘర్షణ, ప్రత్యావస్థాన గుణకం అనే భావనలు ఒక చిన్న బిళ్ళలో ఎలా కలిసి పనిచేస్తాయో విద్యార్థులు గమనించాలి.

పాఠం

తాళపత్రాలపై వ్రాసిన మన పూర్వులకు గంటం కొన విలువ బాగా తెలుసు. కొన మరీ వాడిగా ఉంటే ఆకు చిరుగుతుంది; మొద్దుబారితే అక్షరం పడదు. ఆకును చీల్చకుండా అక్షరాన్ని నిలిపే కొనయే మంచి కొన. పనిముట్టు ఏదైనా, చేతి నైపుణ్యాన్ని పనికి అందించేది దాని కొనయే. పూల్ ఆటలో కర్ర చివర అతికించే గోరంత బిళ్ళకూ ఈ మాట వర్తిస్తుంది.

పూల్ అమెరికాలో విశేషంగా వృద్ధి పొందిన ఆట. పచ్చని లేదా నీలిరంగు గుడ్డ పరచిన బల్లకు ఆరు పాకెట్లు ఉంటాయి. తొమ్మిది అడుగుల బల్లపై ఆడే స్థలం 100 అంగుళాల పొడవు, 50 అంగుళాల వెడల్పు. ఆటగాడు క్యూ అనే కర్రతో తెల్లబంతిని కొట్టి, దానితో అంకెలు గల రంగుబంతులను పాకెట్లలోకి పంపాలి. ఒక్కొక్క బంతి వ్యాసం 57.15 మిల్లీమీటర్లు, బరువు 156 నుంచి 170 గ్రాములు. ఆట మొదట్లో రంగుబంతులన్నీ ఒకదానినొకటి తాకుతూ గుంపుగా ఉంటాయి. ఆ గుంపును చెదరగొట్టే తొలిదెబ్బనే బ్రేక్ అంటారు. ఆ దెబ్బకు ఒక బంతి అయినా పాకెట్‌లో పడాలి, లేదా కనీసం నాలుగు రంగుబంతులు అంచుల కుషన్లను తాకాలి. తెల్లబంతే పాకెట్‌లో పడితే అవకాశం ప్రత్యర్థిది.

దీనికి దగ్గర చుట్టమైన స్నూకర్ మన దేశంలోనే, 1875 ప్రాంతంలో, జబల్‌పూర్‌లోని బ్రిటిష్ సైనికాధికారుల నడుమ పుట్టింది. అయితే స్నూకర్‌లో తొలిదెబ్బ సుతారమైనది. ఎర్రబంతుల గుంపు అంచును తాకించి, తెల్లబంతిని తిరిగి వెనుకకు రప్పించుకోవడమే అక్కడి నేర్పు. పూల్‌లో తొలిదెబ్బ దండయాత్ర వంటిది. అందుకే పూల్ ఆటగాళ్ళు ఆడే కర్రను ఒకటిగా, బ్రేక్ కర్రను వేరొకటిగా ఉంచుకుంటారు. బలమైన దెబ్బలు పదేపదే తగిలితే ఆడే కర్ర కొన అణగిపోయి, అంచులు పుట్టగొడుగులా వెలుపలికి పొంగుతాయి. వేరు కర్ర ఉంచుకోవడానికి ఇదొక కారణం.

కొనకు తోలు ఎందుకు వచ్చింది? పూర్వం కర్ర చివర కేవలం కొయ్యయే. మధ్యబిందువుకు కొంచెం పక్కగా కొడితే నున్నని కొయ్య బంతిపై జారిపోయేది. పందొమ్మిదో శతాబ్దం తొలి దశకాల్లో ఫ్రాన్స్వా మేంగో అనే ఫ్రెంచి సైనికాధికారి తోలుకొనను ప్రచారంలోకి తెచ్చాడు. తోలుకు పట్టు ఉంది. ఆ పట్టు వల్ల తెల్లబంతిని ముందుకు, వెనుకకు, పక్కలకు తిరిగేటట్లు కొట్టడం సాధ్యమైంది. తుఫాను గాలుల దిశను వివరించేటప్పుడు మనం వినే కొరియాలిస్ పేరు ఇక్కడా వినిపిస్తుంది. ఆ గణితవేత్త 1835లో బిలియర్డ్స్ బంతుల చలనంపై ఒక గ్రంథమే వెలువరించాడు. తర్వాత 1897లో విలియం స్పింక్స్, విలియం హాస్కిన్స్ అనే అమెరికన్లు గరుకైన ఖనిజచూర్ణంతో చేసిన చాక్‌కు పేటెంటు పొందారు. చాక్ పూసిన తోలుకొనతో బంతి మధ్యబిందువు నుంచి వ్యాసార్ధంలో సగం వరకు, అంటే సుమారు 14 మిల్లీమీటర్ల దూరం వరకు జారకుండా కొట్టవచ్చు. ఆ హద్దు దాటితే కొన జారుతుంది. దానిని మిస్‌క్యూ అంటారు.

ఇక కొనల రకాలను పరిశీలిద్దాం. మొదటిది మెత్తని లేదా మధ్యరకం తోలు. ఆడే కర్రకు ఇది తగినది. పంది తోలు పలుచని పొరలను ఒకదానిపై ఒకటి అతికించి చేసినవి నేడు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. రెండవది బాగా నొక్కి గట్టిపరచిన తోలు. కొందరు ఆటగాళ్ళు మెత్తని కొనను పాలలో నానబెట్టి, బిగించి నొక్కి, ఆరబెట్టి గట్టిపరచుకోవడం కూడా ఉంది. మూడవది ఫినాలిక్. ఇది తోలు కాదు, ఒకవిధమైన గట్టి ప్లాస్టిక్. 1907లో లియో బేక్‌లాండ్ కనిపెట్టిన బేకలైట్ కుటుంబానికి చెందినది. పాత ఇళ్ళలోని నల్లని విద్యుత్ స్విచ్చులు ఆ పదార్థంతో చేసినవే. నేటి మేలైన పూల్ బంతులూ ఫినాలిక్ రెజిన్‌తో చేసినవే. అంటే ఈ కొన వాడినప్పుడు బంతిని బంతి జాతి పదార్థమే ఢీకొంటుందన్నమాట.

కాఠిన్యం వల్ల లాభం ఏమిటి? కొన బంతిని తాకి ఉండేది సెకనులో సుమారు వెయ్యో వంతు కాలం మాత్రమే. ఆ క్షణంలో తోలు నొక్కుకొని, మళ్ళీ యథారూపానికి వస్తుంది. ఈ క్రమంలో కొంత శక్తి ఉష్ణంగా వ్యర్థమవుతుంది. గట్టి కొన తక్కువ నొక్కుకుంటుంది; కాబట్టి తక్కువ శక్తిని పోగొడుతుంది. దీనిని కొలిచేదే ప్రత్యావస్థాన గుణకం. మామూలు తోలుకొనకు ఇది సుమారు 0.73, ఫినాలిక్ కొనకు సుమారు 0.87 ఉంటుంది. కర్ర వేగం, బరువు మారనప్పుడు బంతి వేగం ఈ గుణకానికి ఒకటి కలిపిన మొత్తానికి అనుపాతంలో ఉంటుంది. 1.87ను 1.73తో భాగిస్తే 1.08 వస్తుంది. అంటే వేగం 8 శాతం పెరుగుతుంది. తోలుకొనతో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే తెల్లబంతి ఫినాలిక్ కొనతో 32 కిలోమీటర్లకు పైగా వేగం అందుకుంటుంది. గతిజశక్తి వేగవర్గంపై ఆధారపడుతుంది గనుక శక్తి సుమారు 17 శాతం హెచ్చుతుంది. స్వల్ప వ్యయంతో లభించే ఈ లాభం చిన్నది కాదు.

అయితే ఇక్కడే అసలు ప్రశ్న ఎదురవుతుంది. ఆ శక్తి చేరవలసిన చోటికి చేరుతుందా? తొమ్మిది అడుగుల బల్లపై తెల్లబంతిని ఆరంభరేఖ మీద ఉంచితే, గుంపులోని ముందుబంతి 50 అంగుళాల దూరంలో, అనగా 127 సెంటీమీటర్లలో ఉంటుంది. తెల్లబంతి దిశ ఒక్క డిగ్రీ తప్పితే, అంత దూరం పోయేసరికి రెండు సెంటీమీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. గుంపును పక్కనబెట్టి రెండు బంతులే ఉన్నాయనుకొని లెక్కిస్తే, ఆ పక్కదెబ్బలో తెల్లబంతి తన శక్తిలో దాదాపు ఏడో వంతును తనలోనే నిలుపుకొని ప్రక్కకు పారిపోతుంది. కాఠిన్యం ఇచ్చిన 17 శాతాన్ని ఆ ఒక్క డిగ్రీయే మింగివేస్తుందన్నమాట. అంతటితో ఆగదు. పక్కకు పారిన తెల్లబంతి పాకెట్‌లో పడవచ్చు, బల్ల దాటి నేలపాలు కావచ్చు.

ఈ తప్పుకూ కొనకూ సంబంధం ఉంది. ఫినాలిక్ ఉపరితలం నున్ననిది. తోలు నారలలో నిలిచినట్లు చాక్ దానిపై నిలవదు. అందువల్ల తెల్లబంతిని సరిగ్గా నడుమ కొట్టగలవానికి అది వరమే గాని, చేయి కొంచెం తప్పేవానికి శాపం. తప్పిన చేతికి తోలు కొంత సర్దుబాటు ఇస్తుంది. ఫినాలిక్ అంతగా ఇవ్వదు. కనుక ఎంత గట్టి కొన దొరుకుతుందని గాక, ఎంత గట్టి కొనతో తాను తెల్లబంతిని జారకుండా నడుమ కొట్టగలడో చూచుకొని ఆటగాడు ఎంచుకోవాలి. ఆట నేర్చుకొంటున్నవారికి గట్టి తోలుకొన క్షేమకరం. ఇరవై బ్రేక్‌లు వరుసగా కొట్టి, ముందుబంతికి నిండుగా తగిలినవి ఎన్నో లెక్కించుకొంటే తన చేతి స్థితి తనకే తెలుస్తుంది. ఆ లెక్క నిలకడగా ఉన్ననాడు ఫినాలిక్‌ను పరీక్షించవచ్చు.

ఎంపికలో నియమాలనూ గమనించాలి. ప్రపంచ పూల్ సమాఖ్య నిర్దేశాల ప్రకారం కొన ప్రత్యేకంగా శుద్ధి చేసిన తోలుతో గాని, నారతో కూడిన లేదా సాగే గుణం గల ఇతర పదార్థంతో గాని ఉండాలి. తెల్లబంతిని గీయరాదు, పాడుచేయరాదు. వెడల్పు 14 మిల్లీమీటర్లు మించరాదు. అన్ని పోటీలలో నియమాలు ఒకేరీతిగా ఉండవు. కొనే ముందే నిర్వాహకులను అడిగి తెలుసుకోవాలి. తెల్లబంతి క్లబ్బు సొత్తు. దానిపై పడిన గంటు ప్రతి ఆటగాని ఆటనూ చెరుపుతుంది.

కొన ఆకారం సైతం ముఖ్యమే. ఆడే కర్ర కొనను గుండ్రంగా, సుమారు 9 మిల్లీమీటర్ల వ్యాసార్ధం గల వంపుతో దిద్దుకునేవారు ఎక్కువ. బ్రేక్ కర్రకు సుమారు 10.6 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో, కొంచెం చదునైన వంపు చాలు. నడిదెబ్బకు అది అనుకూలం. కొన అంటించే ముందు దాని అడుగుభాగమూ, కర్ర చివరి తొడుగు ముఖమూ సమతలంగా ఉండాలి. నడుమ ఏమాత్రం సందు ఉన్నా బలమైన దెబ్బకు కొన ఊడిపోతుంది. తర్వాత పొంగిన అంచులను కత్తిరించడం, మెరుపెక్కిన ఉపరితలాన్ని గరుకు చేయడం, ప్రతి బ్రేక్‌కు ముందు చాక్ పూయడం అలవాటు చేసుకోవాలి.

గట్టి కొన బలాన్ని సృష్టించదు. చేతిలోని బలాన్ని పోగొట్టకుండా బంతికి అందిస్తుంది. చేతిలోని తప్పునూ అంతే నిజాయితీగా అందిస్తుంది. ఈ రెండవ మాట గుర్తున్నవాడు కొన ఎంపికలో పొరబడడు.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. బ్రేక్ క్యూకు కొనను ఎంచుకోవడంలో కాఠిన్యం, పట్టు అనే గుణాల ప్రాధాన్యాన్ని సోదాహరణంగా వివరించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. పూల్, స్నూకర్ ఆటల తొలిదెబ్బలలోని భేదాన్ని తెలపండి.
2. ఒక్క డిగ్రీ పొరపాటు గట్టి కొన వల్ల కలిగే లాభాన్ని ఎలా హరిస్తుంది?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. మిస్‌క్యూ అంటే ఏమిటి?
2. ఫినాలిక్ కొనపై చాక్ ఎందుకు నిలవదు?
3. నియమాల ప్రకారం కొన వెడల్పు ఎంతకు మించరాదు?