ఓడలు వెళ్లిపోయాక లివర్‌పూల్ ఏం చేసింది?

లివర్‌పూల్ అనగానే చాలామందికి ఫుట్‌బాల్ గుర్తొస్తుంది. కానీ ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ఆ ఊరు చెప్పే అసలు పాఠం మైదానం బయట ఉంది. ఒకే పని మీద బతికిన నగరం, ఆ పని పోయాక ఏం చేసింది? భవనాలు, రైళ్లు, సంగీతం.. ఈ మూడింటిలో జవాబు వెతుకుదాం.

రేవే బతుకుదెరువు

ఇంగ్లండ్ వాయవ్య తీరంలో, మెర్సీ నది ఒడ్డున ఉంది లివర్‌పూల్. 1715లో ఇక్కడ ఓల్డ్ డాక్ తెరిచారు. గేట్లతో నీటిని ఆపి ఉంచడం వల్ల ఆటుపోట్లతో పనిలేకుండా ఓడల్లోంచి సరకు దించుకోవచ్చు. ప్రపంచంలో ఇలాంటి తొలి వాణిజ్య డాక్ ఇదే. ఆ సంపదలో బానిసల వ్యాపారానికీ పెద్ద వాటా ఉంది. ఆ చరిత్రను చెప్పే మ్యూజియాన్ని నగరం 2007లో డాకుల దగ్గరే తెరిచింది.

1830లో లివర్‌పూల్-మాంచెస్టర్ మధ్య దాదాపు 50 కిలోమీటర్ల రైలు మార్గం మొదలైంది. రెండు నగరాలను ఆవిరి ఇంజిన్లతో కలిపిన తొలి రైల్వే అది. రేవులో దిగిన పత్తి మాంచెస్టర్ మిల్లులకు చేరాలి కదా! 1846లో ఆల్బర్ట్ డాక్ వచ్చింది. గోదాముల్లో అగ్నిప్రమాదాల భయం ఎక్కువ. అందుకే ఇంజినీర్ జెస్సీ హార్ట్లీ కట్టడంలో కలప జోలికి పోకుండా ఇనుము, ఇటుక, రాయి వాడాడు.

తర్వాత ఓడలు పెద్దవయ్యాయి, పాత డాకులు వాటికి చాల్లేదు. కంటైనర్లు రావడంతో వందలమంది హమాలీలు చేసే పనిని క్రేన్లు చేసేశాయి. 1972లో ఆల్బర్ట్ డాక్ మూతపడింది. తరతరాలుగా రేవునే నమ్ముకున్న ఇళ్లలో పిల్లలకు ఆ పని లేకుండా పోయింది.

పూడ్చేసిన సంగీతం

మ్యాథ్యూ స్ట్రీట్‌లో ఒక గోదాము నేలమాళిగలో 1957లో కేవర్న్ అనే జాజ్ క్లబ్ మొదలైంది. 1961 నుంచి మూడేళ్లలో బీటిల్స్ బృందం అక్కడ దాదాపు 300 సార్లు పాడింది. ప్రపంచానికి తెలియకముందు వాళ్లు సాధన చేసింది ఇలాంటి ఇరుకు చోట్లలోనే.

1973లో ఆ క్లబ్‌ను మూసేసి, పైనున్న భవనాన్ని కూల్చేశారు. నగరం కింద వేస్తున్న రైలు మార్గానికి గాలి గొట్టం కావాలన్నది కారణం. రైలు అవసరమైనదే. 1977లో మొదలైన ఆ మార్గంలో ఇప్పటికీ రైళ్లు తిరుగుతున్నాయి. కానీ నేలమాళిగ విలువను అప్పుడు ఎవరూ లెక్కలో వేయలేదు. 1984లో పాత ఇటుకలు కొన్ని వాడి, దాదాపు అదే స్థలంలో క్లబ్‌ను మళ్లీ కట్టాల్సి వచ్చింది.

ఆ తర్వాత నగరం చూపు మారింది. 1988లో ఆల్బర్ట్ డాక్ ఆర్ట్ గ్యాలరీ, దుకాణాలతో తిరిగి తెరుచుకుంది. పాల్ మెకార్ట్‌నీ చదివిన పాత బడి మూతపడితే, ఆయన చొరవతోనే 1996లో అక్కడ ప్రదర్శన కళల కళాశాల మొదలైంది. 2015లో యునెస్కో లివర్‌పూల్‌ను సంగీత నగరంగా గుర్తించింది.

అన్నీ గెలుపులే అనుకోకండి. 2004లో రేవు ప్రాంతానికి దక్కిన ప్రపంచ వారసత్వ హోదాను 2021లో యునెస్కో తీసేసింది. నదీతీరంలో కొత్త నిర్మాణాల వల్ల పాత స్వరూపం దెబ్బతిందన్నది కారణం. కొత్త ఉపాధి కావాలా, పాత గుర్తింపు కావాలా అన్న వాదన అక్కడ ఇంకా నడుస్తూనే ఉంది.

మీ బ్రాంచికి పనికొచ్చేది

ఆర్కిటెక్చర్, సివిల్: లివర్‌పూల్ ఆంగ్లికన్ కేథడ్రల్ డిజైన్ పోటీని 1903లో గెలిచిన గైల్స్ గిల్బర్ట్ స్కాట్ వయసు 22. కొన్నేళ్లకు తాను గెలిచిన డిజైన్‌నే పక్కనపెట్టి, జంట గోపురాల బదులు ఒకే పెద్ద గోపురంతో మళ్లీ గీశాడు. ఇంటర్వ్యూలో మీ ప్రాజెక్టు గురించి అడిగితే, 'ఇప్పుడైతే ఏం మారుస్తాను' అన్నది కూడా చెప్పగలగాలి.

ఎలక్ట్రికల్, మెకానికల్: 1893లో ఈ డాకుల వెంట ఎత్తైన స్తంభాల మీద విద్యుత్ రైలు నడిచింది. తుప్పు పట్టిన ఇనుప పలకలను మార్చే ఖర్చు భరించలేక 1956లో ఆపేశారు. కట్టడమే కాదు, కాపాడుకోవడమూ ఇంజినీర్ పనే. ఇప్పుడు అదే ప్రాంతంలో హెడ్‌బోల్ట్ లేన్ స్టేషన్‌కు విద్యుత్ పట్టా లేని చోట బ్యాటరీతో రైళ్లు వెళ్తున్నాయి. ఈ సేవ 2023లో మొదలైంది.

ఆర్ట్స్, కామర్స్: సంగీతమంటే పాడేవాళ్లే కాదండీ. సౌండ్, లైటింగ్, హక్కుల లైసెన్సింగ్, టికెట్లు, పర్యాటకం.. వేదిక వెనుకే పనులెక్కువ. లివర్‌పూల్ యూనివర్సిటీలో బీటిల్స్, సంగీత పరిశ్రమ, వారసత్వం మీద ఏకంగా ఒక ఎంఏ ఉంది.

వెళ్లే ముందు లెక్క

ఊరు నచ్చిందని అప్పు చేసి బయల్దేరకండి. యూకే స్టూడెంట్ వీసా మీద డిగ్రీ, పీజీ విద్యార్థులు తరగతులు జరిగే రోజుల్లో సాధారణంగా వారానికి 20 గంటలే పనిచేయాలి. స్వయం ఉపాధికి అనుమతి లేదు. గిటార్ పట్టుకుని కచేరీలు చేసి ఫీజు సంపాదిస్తానంటే కుదరదు. చదువయ్యాక ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ రూట్ గడువు కూడా 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే డిగ్రీ, పీజీవాళ్లకు రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గుతుంది. ఆ వ్యవధిలో ఉద్యోగం రాకపోతే అప్పు ఎలా తీరుతుందో ఇంట్లో కూర్చుని కాగితం మీద రాసుకోండి. ఈ యూనివర్సిటీకి బెంగళూరులో క్యాంపస్ పెట్టేందుకు 2025లో యూజీసీ సమ్మతిపత్రం ఇచ్చింది. మీకు కావాల్సిన కోర్సు అక్కడ దొరుకుతుందేమో ముందు చూడండి.

ఖర్చు లేని పని ఒకటుంది. మీ ఊళ్లో మూతపడ్డ మిల్లో, సినిమా హాలో ఉంటే ఈ ఆదివారం వెళ్లి చూడండి. ఎవరు కట్టారు, ఎందుకు మూతపడింది, అక్కడ పనిచేసినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు, దాన్ని మళ్లీ ఎలా వాడొచ్చు? వాళ్లతో మాట్లాడి రెండు పేజీలు రాయండి. రెజ్యూమెకు జతచేస్తే, మీరు సొంతంగా చూసి ఆలోచించగలరని చెప్పడానికి అదే ఆధారం.