ఒకే బడిలో ఆలుమగలు.. చెదురుతున్న కొలువులు

కర్నూలు, కడప: రాయలసీమలోని కేథలిక్ ఉన్నత పాఠశాలల్లో భార్యాభర్తలిద్దరూ ఉపాధ్యాయులుగా ఉండటం తరచూ కనిపించేదే. కొందరు పెళ్లయ్యాక ఒకే బడిలో చేరినవారు. మరికొందరు ఆ బడి సిబ్బంది గదిలోనే పరిచయమై ఒక ఇంటివారైనవారు. ప్రభుత్వ ఉపాధ్యాయ దంపతులకు ఒకే మండలంలో కొలువు దొరకడమే గొప్ప. మిషన్ ఎయిడెడ్ బడుల్లో మాత్రం చేరిన నాటి నుంచి పదవీ విరమణ దాకా ఇద్దరూ ఒకే ఆవరణలో పనిచేసే వీలుండేది. ఆ వీలు ఎయిడెడ్ విధానంలోంచే వచ్చింది. ఆ విధానం చిక్కిపోతున్నకొద్దీ ఆలుమగల కొలువులూ చెరో దిక్కు అవుతున్నాయి.

ఉపదేశి కాలం నుంచి..

ప్రైవేటు యాజమాన్యాల బడులకు సర్కారు గ్రాంటు ఇవ్వాలన్న ఆలోచన 1854 నాటి ఉడ్స్ డిస్పాచ్‌తో బలపడింది. మద్రాసు ప్రెసిడెన్సీలో మిషన్ బడులు ఆ ఆసరాతోనే పల్లెలకు చేరాయి. పగలు పలక పట్టించిన పంతులే సాయంత్రం గుడిలో జపాలు చెప్పించే ఉపదేశి. చదువుకున్న భార్య ఉంటే చిన్న తరగతులు ఆమె చూసేది. దంపతులు కలిసి పనిచేయడమన్నది ఆ విధంగా మొదటి నుంచీ మిషన్ బడికి అలవాటే. నెల్లూరు మేత్రాసనం 1928లో, కర్నూలు 1967లో, కడప 1976లో ఏర్పడ్డాయి. వాటి పరిధిలో ఆర్‌సీఎం ప్రాథమిక పాఠశాలలు, వసతిగృహాలు, ఉన్నత పాఠశాలలు నడిచాయి. కరవు సీమలో పూటగడవని ఇళ్ల పిల్లలకు ఆ వసతిగృహమే చదువుకు దారి అయింది. వారిలో కొందరు శిక్షణ పొంది మళ్లీ అదే మిషన్‌లో పంతుళ్లయ్యారు.

ఎయిడెడ్ పోస్టులో నియామకం యాజమాన్యానిది, ఆమోదం విద్యాశాఖది, జీతం ఖజానాది. బదిలీ అంటూ జరిగితే అదే యాజమాన్యం కింద ఉన్న మరో బడికే. ప్రభుత్వ కౌన్సెలింగ్‌తో సంబంధం లేదు. కరస్పాండెంటు కదపాలనుకుంటే తప్ప దంపతులు కదలనక్కరలేదు. 1982 నాటి రాష్ట్ర విద్యా చట్టం వచ్చాక, విచారణ లేకుండా ఉపాధ్యాయుడిని తొలగించే వీలు కూడా పోయింది.

ఇబ్బందులూ లేకపోలేదు. ఇంట్లో శుభకార్యమైతే ఇద్దరూ ఒకే రోజు సెలవు పెట్టాలి, అంటే రెండు తరగతులు ఖాళీ. ప్రధానోపాధ్యాయులు చాలాచోట్ల ఫాదరో, మఠకన్యో కావడం వల్ల భార్య సెలవు చీటీపై భర్త సంతకం చేయాల్సిన అవస్థ మాత్రం తక్కువే. ఎయిడెడ్ పోస్టుల్లో ఉన్న గురువులు, మఠకన్యలు దారిద్ర్య వ్రతం ప్రకారం తమ జీతాన్ని సభకే అప్పగిస్తారు. అయినా ఆ జీతం నుంచి ఆదాయపు పన్ను మినహాయించవలసిందేనని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చింది. పన్ను విషయంలో సంసారులు, సన్యాసినులు ఒకే వరుసలో నిలిచారు.

సిబ్బంది గది నుంచి పెళ్లి పీట దాకా

కేథలిక్ బడిలో పనిచేసేవారంతా కేథలిక్కులు కారు. హిందువులు, ముస్లింలు, సీఎస్ఐ సంఘస్థులు అక్కడ కలిసే పాఠాలు చెబుతారు. పరిచయం పెళ్లి దాకా వస్తే దారులు వేరవుతాయి. ఇద్దరూ కేథలిక్కులైతే విచారణ గుడిలో మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదవడం ఆనవాయితీ. నంద్యాల, జమ్మలమడుగు ప్రాంతాల్లో సీఎస్ఐ సంఘాలకు బలమెక్కువ. వధూవరుల్లో ఒకరు ఆ సంఘానికి చెందితే పీఠాధిపతి అనుమతి కావాలి. బాప్తిస్మం లేనివారైతే ప్రత్యేక మినహాయింపు పొందాలి. చట్టం చూస్తే, ఒకరు క్రైస్తవులైనా 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద పెళ్లి జరిపించుకోవచ్చు. హిందూ వివాహ చట్టం ఇద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది. మతం ప్రసక్తి లేకుండా చేసుకోదలిస్తే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది, అయితే 30 రోజుల ముందస్తు నోటీసు తప్పదు. తపస్సు కాలంలో పెళ్లిళ్లు జరపరు కనుక, ఈస్టర్ దాటాక వేసవి సెలవుల్లో ముహూర్తం పెట్టుకుంటారు. కడప మే ఎండలో సూటు తొడుక్కున్న వరుడిపై సహోపాధ్యాయులకు జాలి కలగడం సహజం.

రెండు దెబ్బలు

ఎయిడెడ్ పోస్టుల భర్తీని రాష్ట్ర ప్రభుత్వం 2004లో నిలిపేసింది. తరువాత కోర్టు ఉత్తర్వులతో కొన్నిచోట్ల నియామకాలు జరిగినా, చాలా బడుల్లో విరమణ పొందినవారి కుర్చీలు ఖాళీగానే మిగిలాయి. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి కొత్తగా చేరినవారికి పాత పింఛను పోయి వాటా పింఛను పథకం వచ్చింది. ఒకే ఇంట్లో ముందు చేరిన భర్తకు ఒక పింఛను, వెనక చేరిన భార్యకు మరొక రకం.

రెండో దెబ్బ 2021లో తగిలింది. ఎయిడెడ్ సంస్థలను స్వాధీనం చేసుకునే దిశగా ప్రభుత్వం ఆగస్టులో ఆర్డినెన్సు తెచ్చింది. ఆస్తులతో సహా అప్పగించడమో, ఎయిడెడ్ సిబ్బందిని మాత్రం అప్పగించి ప్రైవేటుగా నడుపుకోవడమో తేల్చుకోమంది. విశాఖ జ్ఞానాపురంలో తల్లిదండ్రులు రోడ్డెక్కారు. అనంతపురంలో విద్యార్థులపై లాఠీలు లేచాయి. నవంబరులో ప్రభుత్వం కొంత వెనక్కి తగ్గి, ఎయిడెడ్‌గానే కొనసాగవచ్చని, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చని చెప్పింది. అప్పటికే సిబ్బందిని అప్పగించిన చోట్ల ఉపాధ్యాయులు జిల్లా పరిషత్, పురపాలక బడులకు వెళ్లాల్సి వచ్చింది.

ఒకే ఆవరణకు అలవాటుపడిన దంపతులకు అసలు పరీక్ష అక్కడ మొదలైంది. సర్కారు బడిలోకి వెళ్లిన క్షణం నుంచి బదిలీల నిబంధనలు వర్తిస్తాయి. భార్యాభర్తలకు ప్రత్యేక పాయింట్లు ఉన్నా, అవి దగ్గరి ఊరిని కోరుకోవడానికి ఉపయోగపడతాయే తప్ప ఒకే బడిని ఖాయం చేయవు. ఆ వెసులుబాటును ఇద్దరిలో ఒకరే, నిర్ణీత వ్యవధిలో ఒక్కసారే వాడుకోగలరు. 2022 ఏప్రిల్‌లో కర్నూలు నుంచి నంద్యాల జిల్లా వేరుపడినా ఉపాధ్యాయ బదిలీలకు ఉమ్మడి జిల్లాయే ప్రాతిపదిక. అంటే ఆదోని నుంచి ఆత్మకూరు దాకా ఎక్కడైనా పడవచ్చు.

ఒకరు మిషన్ బడిలో మిగిలి, మరొకరు జిల్లా పరిషత్ బడికి వెళితే సెలవులూ కలవవు. మిషనరీ పాఠశాలలకు దసరా సెలవులు తక్కువ, క్రిస్మస్ సెలవులు ఎక్కువ. ఒకరు ఇంట్లో ఉన్నప్పుడు మరొకరు తరగతిలో ఉంటారు. పిల్లల ఆలనా పాలనా చూసే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

టెట్ చిక్కు మరొకటి. విరమణకు ఐదేళ్లకు మించి గడువున్న ఉపాధ్యాయులంతా రెండేళ్లలోగా టెట్ ఉత్తీర్ణులు కావాలని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న తీర్పిచ్చింది. మైనారిటీ విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తిస్తుందా అన్న ప్రశ్నను మాత్రం విస్తృత ధర్మాసనానికి నివేదించింది. ఒకే సంవత్సరం, ఒకే బడిలో చేరిన దంపతుల్లో సర్కారు బడికి మారినవారికి పరీక్ష భయం, మైనారిటీ బడిలో ఉన్నవారికి తాత్కాలిక ఊరట.

అన్‌ఎయిడెడ్ జంటల సంగతి

కొత్త జంటల్లో ఎక్కువ మంది అన్‌ఎయిడెడ్ ఇంగ్లిషు మీడియం విభాగాల్లోనే ఉన్నారు. ఆవరణ ఒకటే, గంట ఒకటే. జీతం మాత్రం ఖజానా నుంచి రాదు, పింఛను లేదు. భర్త ఎయిడెడ్‌లో, భార్య అన్‌ఎయిడెడ్‌లో ఉన్న ఇళ్లలో ఆ తేడా నెలనెలా తెలుస్తుంది. అయినా హక్కులు బొత్తిగా లేవనుకోవడం పొరపాటు. 20 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థకు భవిష్య నిధి వర్తిస్తుంది. ప్రైవేటు ఉపాధ్యాయులకు గ్రాట్యుటీ ఇస్తూ 2009లో చేసిన సవరణను సుప్రీంకోర్టు 2022లో సమర్థించింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ గ్రాట్యుటీ, తొలి ఇద్దరు పిల్లలకు 26 వారాల ప్రసూతి సెలవు ఉన్నాయి. నిర్ణీత కాలపు ఒప్పందంపై పనిచేసేవారికి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ అర్హత వస్తుందన్నది ఇందులోని కొత్త అంశం. ఏటా జూన్‌లో కొత్తగా ఒప్పంద పత్రం ఇచ్చే బడుల్లో పనిచేసేవారు నియామక పత్రం, జీతం జమైన బ్యాంకు ఖాతా వివరాలు భద్రపరచుకోవాలి. గ్రాట్యుటీ అందకపోతే కార్మిక శాఖ అధికారి ముందు చూపవలసినవి అవే.