కీళ్ల నొప్పులకు ఆయింట్‌మెంట్ రాస్తున్నారా..? ట్యూబ్‌తో తగ్గేదేదో, తగ్గనిదేదో తెలుసుకోండి..

పొద్దంతా వంగి మిర్చి కోసి, పత్తి తీసి ఇంటికొచ్చేసరికి నడుం, మోకాళ్లు పట్టేస్తాయి. మెడికల్ షాపులో ఓ ట్యూబ్ తెచ్చుకుని రాసేసుకుంటాం. అందులో తప్పేం లేదు. కానీ నెలల తరబడి రాస్తున్నా నొప్పి మళ్లీ మళ్లీ వస్తోందంటే మాత్రం ఆలోచించాల్సిందే. ముఖ్యంగా కురిచేడు, దర్శి, పొదిలి, కనిగిరి వైపు వాళ్లు.. తాము తాగే నీళ్ల గురించి కూడా ఆలోచించాలి.

ట్యూబ్‌లో ఏముంటుంది..?

అన్నీ ఒకటి కాదు. డైక్లోఫెనాక్ ఉన్న జెల్ చర్మం లోపలికి ఇంకి వాపు, నొప్పి తగ్గిస్తుంది. మాత్రతో పోలిస్తే రక్తంలోకి వెళ్లే మందు చాలా తక్కువ. మెంథాల్, కర్పూరం ఉన్న బామ్‌లు చల్లగానో, వెచ్చగానో అనిపించి నొప్పిని కాసేపు మరిపిస్తాయి. ఇక క్యాప్సైసిన్.. మన మిరపకాయలో మంట పుట్టించేది ఇదే. దీని క్రీమ్ రోజూ రాస్తే కొన్ని వారాలకు గానీ ఫలితం కనిపించదు.

మోకాళ్లు, చేతి వేళ్ల కీళ్లకు జెల్ బాగానే పనిచేస్తుంది. తుంటి లాంటి లోతైన కీళ్లకు అంతగా చేరదు.

రాసేటప్పుడు ఇవి మరవొద్దు

* పుండ్లు, గాయాల మీద రాయొద్దు. రాశాక చేతులు కడుక్కోవాలి.
* రాసిన చోట వేడి కాపడం పెట్టొద్దు, గట్టిగా కట్టు కట్టొద్దు. చర్మం కాలిపోవచ్చు.
* గర్భిణులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడిగాకే వాడాలి.
* పిల్లలకు అందకుండా దాచాలి. మిథైల్ శాలిసిలేట్ ఉన్న నొప్పి నూనె కొంచెం మింగినా ప్రాణం మీదకొస్తుంది.

అసలు సమస్య నీళ్లలో ఉంటే..?

మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలిసారి వైద్య పత్రికలో వచ్చింది 1937లో.. అదీ అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా ఆ జిల్లాలోనే ఉండేవి.

తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే అది ఎముకల్లో పేరుకుంటుంది. మొదట్లో కీళ్ల నొప్పి, మెడ, నడుం బిగుసుకోవడం.. అచ్చం మామూలు కీళ్లవాతంలాగే ఉంటుంది. ముదిరితే వెన్ను వంగిపోతుంది. అలా జరిగిన నష్టాన్ని వెనక్కి తేవడం కుదరదు. అందుకే ముందే పట్టుకోవాలి. ట్యూబ్ నొప్పిని తగ్గిస్తుందేమో గానీ, ఎముకలో చేరిన ఫ్లోరైడ్‌ని తీయలేదు.

ఏం చేయాలి..?

రెండు వారాలు రాసినా తగ్గకపోతే, పొద్దున్నే ఒళ్లు బిగుసుకుపోతుంటే, ఇంట్లో పిల్లల పళ్లపై గార మచ్చలుంటే ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లండి. ఎక్స్‌రే, మూత్ర పరీక్షతో తెలుస్తుంది. తాగే బోరు నీళ్లను గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు.. ఇంకా చిక్కబడుతుంది. ఫ్లోరైడ్ ఎక్కువని తేలితే తాగడానికి, వంటకు వేరే నీళ్లు వాడటమే మార్గం.

(గమనిక: ఇది అవగాహన కోసం మాత్రమే. మందులు వాడేముందు డాక్టర్ సలహా తీసుకోండి.)