ఆకుపచ్చ తోకచుక్క: బైనాక్యులర్లో రంగు ఎంత?

సూర్యుడికి దగ్గరైన తోకచుక్క తలభాగం చాలాసార్లు ఆకుపచ్చగా వెలుగుతుంది. ఆ రంగు నిజమైనదే, కెమెరా సృష్టించింది కాదు. అయినా పత్రికలో వచ్చిన ఫొటో చూసి, ఆ రాత్రే మిద్దె ఎక్కి బైనాక్యులర్ పట్టినవారిలో ఎక్కువమందికి కనిపించేది బూడిదరంగు మసక మాత్రమే. తల మధ్యలో కొద్దిగా ఆకుపచ్చ ఛాయ తోస్తే అది మంచి రాత్రి కిందే లెక్క. ఈ తేడాకు కారణం కొంత తోకచుక్కలో, కొంత మనిషి కంటిలో, కొంత చూసే ఊరి ఆకాశంలో ఉంది.

తోకచుక్క కేంద్రకం కొన్ని కిలోమీటర్ల మంచు, ధూళి ముద్ద. దానికంటూ చెప్పుకోదగ్గ రంగేమీ లేదు. 1986 మార్చిలో జొట్టో అంతరిక్ష నౌక హేలీ తోకచుక్క దగ్గరికి వెళ్లి చూస్తే, దాని కేంద్రకం మీద పడిన వెలుగులో నూటికి నాలుగు వంతులే వెనక్కి వస్తున్నట్టు తేలింది. అంటే బొగ్గంత నలుపు. ఎండకు మంచు ఆవిరై, ధూళిని వెంటబెట్టుకుని కేంద్రకం చుట్టూ పొగమంచులా పరుచుకుంటుంది. దీన్నే కోమా అంటారు. ఆకుపచ్చంతా ఇక్కడే పుడుతుంది.

ఆకుపచ్చకు కారణం రెండు కార్బన్ పరమాణువులు కలిసిన అణువు, డైకార్బన్. ఇది మంచులో నేరుగా ఉండదు. ఎసిటిలీన్ వంటి పెద్ద అణువులను సూర్యకాంతి విరగ్గొడితే మిగిలే ముక్క ఇది. ఈ ముక్క సూర్యకాంతిని పీల్చుకుని, దాన్నే కొన్ని ప్రత్యేక తరంగదైర్ఘ్యాల దగ్గర తిరిగి వదులుతుంది. వాటిలో బలమైనది 516 నానోమీటర్ల దగ్గర, సరిగ్గా ఆకుపచ్చలో ఉంటుంది. వీటిని స్వాన్ పట్టీలంటారు. స్కాట్లండ్‌కు చెందిన విలియం స్వాన్ 1850లలో హైడ్రోకార్బన్ల మంటలను పరిశీలిస్తూ వీటిని వివరించాడు. వంటింటి గ్యాస్ పొయ్యి మంటలో లోపలి చిన్న శంకువుకు ఉండే ఆకుపచ్చ నీలిలోనూ ఇవే పట్టీలున్నాయి. మంటలో ఆ అణువును ఉత్తేజపరిచేది రసాయన చర్య, తోకచుక్కలో ఎండ. అణువు మాత్రం ఒకటే.

తోకచుక్క వెలుగును వర్ణపటంగా విడదీసి చూసిన మొదటివాడు ఇటలీ ఖగోళవేత్త జొవాన్ని డొనాటి. 1864లో ఆయనకు మూడు పట్టీలు కనిపించాయి. నాలుగేళ్ల తర్వాత ఇంగ్లండ్‌లో విలియం హగ్గిన్స్ మరో తోకచుక్క పట్టీలను ప్రయోగశాలలోని కార్బన్ వాయువు పట్టీలతో పోల్చి, రెండూ ఒకటేనన్నాడు. సూర్యుడి వెలుగును అద్దంలా వెనక్కి పంపడమే కాక, తోకచుక్క తనంతట తానూ వెలుగుతుందని అలా తెలిసింది.

ఇక్కడ తరచూ దొర్లే పొరపాటు ఒకటుంది. ఆకుపచ్చకు సయనోజెన్ వాయువు కారణమని వార్తల్లో రాస్తుంటారు. తోకచుక్కల్లో అది ఉన్న మాట నిజమే కానీ, దాని బలమైన వెలుగు 388 నానోమీటర్ల దగ్గర, కంటికి దాదాపు అందని ఊదా అంచున ఉంటుంది. సయనోజెన్‌కు ఇంత పేరు రావడానికి కారణం 1910. ఆ ఏడాది హేలీ తోకచుక్క వర్ణపటంలో ఈ విషవాయువు జాడ దొరికింది. మే నెలలో భూమి ఆ తోక గుండా వెళ్తుందన్న లెక్క కూడా తోడై, ఎన్నో దేశాల్లో జనం బెంబేలెత్తారు. తోక ఎంత పలచనిదంటే భూమికి ఏమీ కాలేదు. తెలుగునాట గురజాడ అప్పారావు అదే ఏడాది వెలువరించిన ‘ముత్యాల సరములు’లో ఆ తోకచుక్కే కథకు నెపం. జనం అరిష్టమని జడిసిన దాన్ని ఆయన సంఘ సంస్కరణకు శుభసూచకంగా మలిచాడు.

తల ఆకుపచ్చగా ఉంటే తోక ఎందుకు ఉండదు? డైకార్బన్‌కు ఆయుష్షు తక్కువ. తనను వెలిగించే ఎండే దాన్ని రెండు ముక్కలు కూడా చేస్తుంది. 1930లలో గెర్హార్డ్ హెర్జ్‌బర్గ్ ఊహించిన ఈ సంగతిని 2021లో ఆస్ట్రేలియాలో తిమొతి ష్మిట్ బృందం లేజర్లతో ప్రయోగశాలలో నిరూపించింది. భూమి ఉన్నంత దూరంలో ఆ అణువు సుమారు రెండు రోజులు నిలుస్తుంది. సెకనుకు ఒక కిలోమీటరు చొప్పున కేంద్రకం నుంచి దూరమయ్యే అణువు ఆ వ్యవధిలో లక్షన్నర కిలోమీటర్లు దాటి ఎంతో పోలేదు. తోకలు లక్షల, కోట్ల కిలోమీటర్లు సాగుతాయి. అందుకే ఆకుపచ్చ తల దగ్గరే ఆగిపోతుంది.

తోకలో వేరే రంగులుంటాయి. ధూళి తోక ఎండను ప్రతిఫలించి పసుపు కలిసిన తెలుపులో ఉంటుంది. అయాన్ తోక సన్నగా, సూర్యుడికి సరిగ్గా ఎదురు దిశలో సాగి, కార్బన్ మోనాక్సైడ్ అయాన్ల వల్ల నీలంగా వెలుగుతుంది. ఈ నీలం ఫొటోలకే పరిమితం, బైనాక్యులర్లో ఆశించకపోవడం మంచిది. సూర్యుడికి మరీ దగ్గరగా వెళ్లిన వాటిలో సోడియం పసుపు కూడా తోడవుతుంది. మొత్తానికి వాయువు ఎక్కువైతే ఆకుపచ్చ, ధూళి ఎక్కువైతే పసుపు. 

ఇక కన్ను. రెటీనాలో రంగును గుర్తించేవి శంకు కణాలు, మసక వెలుతురులో పనిచేసేవి దండ కణాలు. చీకట్లో పని దాదాపు పూర్తిగా దండ కణాలదే, వాటికి రంగు తెలియదు. తమాషా ఏమిటంటే దండ కణాలు 500 నానోమీటర్ల ప్రాంతంలోనే చురుగ్గా ఉంటాయి. అంటే డైకార్బన్ వెలుగు వాటికి బాగానే అందుతుంది, కానీ ‘ఏదో వెలుతురు ఉంది’ అనే కబురు తప్ప ‘ఆకుపచ్చ’ అనే కబురు మెదడుకు చేరదు. కోమా మధ్యభాగం శంకు కణాలను కదిలించేంత వెలుగుతో ఉంటేనే రంగు తడుతుంది. కెమెరా నిమిషాల తరబడి వెలుగును కూడబెట్టుకుంటుంది, కంటికి ఆ వీలు లేదు. హైదరాబాదులో పెరిగి, నిజాం కాలేజీలో చదివిన వేణు బప్పు 1949లో హార్వర్డ్‌లో విద్యార్థిగా ఉన్నప్పుడు కనిపెట్టిన బప్పు–బాక్–న్యూకిర్క్ తోకచుక్క కూడా కంటితో దొరికింది కాదు, ఫొటో ప్లేటు మీద దొరికింది.

బైనాక్యులర్ పెద్ద కటకాలతో వెలుగును పోగుచేస్తుంది కదా, రంగు కూడా పెరగాలి కదా అనిపిస్తుంది. నక్షత్రం విషయంలో వెలుగు పెరిగే మాట నిజమే, అది చుక్కే కాబట్టి. తోకచుక్క చుక్క కాదు, పరుచుకున్న వెలుగు. బైనాక్యులర్ ఎంత వెలుగు పోగుచేస్తుందో, ఆ బొమ్మను అంత పెద్దది చేసి పరుస్తుంది. ఏ బైనాక్యులరూ, ఏ టెలిస్కోపూ పరుచుకున్న వెలుగు గాఢతను ఉత్త కంటికి కనిపించే దానికంటే పెంచలేవు. లాభం పరిమాణంలో ఉంది. మసక వెలుగు రెటీనా మీద ఎక్కువ చోట పడితే కన్ను దాన్ని నేపథ్యం నుంచి సులువుగా విడదీస్తుంది.

పరికరం మీద 10×50 అని రాసి ఉంటే, పదింతలు పెద్దది చేస్తుందని, ముందు కటకం వెడల్పు 50 మిల్లీమీటర్లని అర్థం. 50ని 10తో భాగిస్తే వచ్చే 5 మిల్లీమీటర్లు, కంటి వైపు బయటపడే కాంతి వలయం వెడల్పు. 7×50లో అది 7 మిల్లీమీటర్లు దాటుతుంది. యువకుల కంటిపాప చీకట్లో అంత విచ్చుకోగలదు. వయసు మీరినవారిది 5 దగ్గరే ఆగుతుంది కాబట్టి మిగతా వెలుగు వృథా. తోకచుక్కకు 10×50 సరిపోయే పరికరం. అయితే పదింతలు పెంచేది చేతి వణుకును కూడా పదింతలు చేస్తుంది. తోకచుక్క నడినెత్తిన ఉంటే మంచం వాల్చుకుని వెల్లకిలా పడుకోవడం, దిగువన ఉంటే మిద్దె పిట్టగోడకు మోచేతులు ఆనించడం స్టాండు కొన్నంత పని చేస్తాయి.

ఇక చూసే ఊరి ఆకాశం. ఉదాహరణకు పశ్చిమ కర్నూలులోని ఆదోని 15.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. ఎమ్మిగనూరు దానికి ఈశాన్యంగా, పాతిక ముప్ఫై కిలోమీటర్ల దూరంలో, అక్షాంశంలో ఇంచుమించు అంతే. ఈ ఒక్క అంకెతో 2023 నాటి ‘ఆకుపచ్చ తోకచుక్క’ ఈ ఊళ్ల మీద ఎలా నడిచిందో లెక్కగట్టవచ్చు. సి/2022 ఇ3 జెడ్‌టీఎఫ్ అనే ఆ తోకచుక్కను 2022 మార్చి 2న కాలిఫోర్నియాలోని పాలొమార్ నుంచి జరిగే ఆకాశ సర్వేలో గుర్తించారు. 2023 జనవరి 12న సూర్యుడికి, ఫిబ్రవరి 1న భూమికి దగ్గరగా వచ్చింది. అప్పటి దూరం సుమారు 4 కోట్ల 20 లక్షల కిలోమీటర్లు, వెలుగు, నక్షత్రాల వెలుగును కొలిచే మాగ్నిట్యూడ్ లెక్కలో, 5 ప్రాంతం. పల్లె చీకట్లో ఉత్త కంటికి అంచున తగిలేంత.

మాగ్నిట్యూడ్ అంకె ఇక్కడ కాస్త మోసం చేస్తుంది. 5వ మాగ్నిట్యూడ్ నక్షత్రంలో వెలుగంతా ఒక్క చుక్కలో ఉంటుంది. ఆ తోకచుక్కకు రెండు లక్షల కిలోమీటర్ల వెడల్పు కోమా ఉందనుకుంటే, అంత దూరం నుంచి అది చంద్రబింబంలో సగం వెడల్పు పరుచుకుంటుంది. అదే వెలుగు అంత మేర పలచబడితే రంగుకు మిగిలేది తక్కువ.

భూమికి దగ్గరగా ఉన్న రోజుల్లో అది ధ్రువనక్షత్రం పరిసరాల్లో ఉంది. ఐరోపావాళ్లకు ధ్రువుడు ఎత్తున ఉంటాడు. ఆదోనిలో క్షితిజం నుంచి 15.6 డిగ్రీలే. ఆ రోజుల్లో తోకచుక్క ఇక్కడ ఎంత లేచినా పాతిక డిగ్రీలు అటూ ఇటూ. ఆ ఎత్తులో వెలుగు నడినెత్తి కంటే రెండింతలకు పైగా గాలి పొరను దాటాలి. దుమ్ము, తేమ ఎర్రటి వెలుగును వదిలి నీలం, ఆకుపచ్చలనే ఎక్కువగా తినేస్తాయి. పైగా ఫిబ్రవరి 5 పౌర్ణమి. అంటే తోకచుక్క అన్నిటికంటే దగ్గరగా ఉన్న రోజులే ఈ ఊళ్లకు పనికిరాని రోజులు.

ఫిబ్రవరి 5 ప్రాంతంలో అది బ్రహ్మహృదయం నక్షత్రం పక్కకు, 10, 11 తేదీల్లో కుజుడి దగ్గరికి, ఆపైన రోహిణి వైపు దిగింది. బ్రహ్మహృదయం ఆదోనిలో 60 డిగ్రీల ఎత్తుకు లేస్తుంది. కుజుడు ఆ నెలలో దాదాపు నడినెత్తికే వచ్చాడు. పదో తేదీకి చంద్రుడు ఆలస్యంగా ఉదయిస్తున్నాడు కాబట్టి మునిమాపు తర్వాత రెండు గంటల చీకటి దొరికింది. తోకచుక్క అప్పటికి కాస్త దూరమై మసకబారినా, పశ్చిమ కర్నూలుకు అదే మేలైన ముహూర్తం. ఒక్క చిక్కు మాత్రం ఉంది. కుజుడు, రోహిణి రెండూ నారింజ రంగువి. నారింజ పక్కన పెట్టిన బూడిదరంగు కంటికి నీలి ఆకుపచ్చగా తోస్తుంది. ఆ వారంలో ‘ఆకుపచ్చ చూశాం’ అన్నవారు కుజుణ్ణి బైనాక్యులర్ చట్రం బయటికి జరిపి మళ్లీ చూస్తేనే ఆ మాటకు బలం.

2024 అక్టోబరు నాటి సి/2023 ఎ3 చుచిన్‌షాన్–అట్లాస్ దీనికి పూర్తి వ్యతిరేకం. సెప్టెంబరు 27న సూర్యుడికి భూమి ఉన్న దూరంలో 0.39 వంతు దాకా దగ్గరికి వెళ్లి, అక్టోబరు 12న భూమికి 7 కోట్ల కిలోమీటర్ల దూరంలోకి వచ్చింది. మొదట తెల్లవారుజామున తూర్పున, తర్వాత సాయంత్రం పడమట, శుక్రుడికి స్వాతికి మధ్య కనిపించింది. ధూళి మెండుగా ఉన్న తోకచుక్క అది, వెలుగూ ఎక్కువే. తల పసుపు తెలుపుగా, తోక పొడుగ్గా ఉంది. సాయంసంధ్య దిగువ గాలి దానికి మరికొంత పసుపు పూసింది. 2025 అక్టోబరు 21న భూమికి దగ్గరైన సి/2025 ఎ6 లెమన్ మళ్లీ ఆకుపచ్చ జాతిది. వెలుగు 4వ మాగ్నిట్యూడ్ దరిదాపుల్లో ఉంది, అమావాస్య చీకటీ కలిసొచ్చింది. కానీ చీకటి పడేసరికి పడమట దిగువన ఉండటం, ముందురోజు దీపావళి పొగ, ఈశాన్య రుతుపవనాల మబ్బు, మూడూ అడ్డే.

ఆదోని, ఎమ్మిగనూరు తక్కువ వాన పడే నేలలో ఉన్నాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మబ్బు లేని రాత్రులు వరసగా దొరుకుతాయి. ఆ నెలలే పత్తి కాలం కూడా. ఆదోని జిన్నింగ్ మిల్లుల దుమ్ము, బండ్ల రాకపోకలు, చేలల్లో పత్తికట్టె తగలబెట్టిన పొగ క్షితిజం వెంట పొరలా నిలుస్తాయి. ఇరవై డిగ్రీల పైన ఇబ్బంది తక్కువ. చోటు ఎంచుకోవడంలో సూత్రం ఒకటే, ఊరి వెలుగు వీపు వెనక ఉండాలి. సాయంత్రపు తోకచుక్కకు ఆదోనివాళ్లు పడమటి చేల వైపు వెళ్లాలి. ఎమ్మిగనూరు నుంచి నైరుతిలో ఆదోని వెలుగు ఉంటుంది, అందుకని అక్కడివారికి ఉత్తరంగా మంత్రాలయం దారిలోని పొలాలు మేలు. తెల్లవారుజాము తోకచుక్కకు రెండూళ్లవాళ్లూ తూర్పుకు నడవాలి.

చీకట్లోకి వెళ్లాక కన్ను సర్దుకోవడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఆ మధ్యలో ఒక్కసారి సెల్‌ఫోన్ తెర చూస్తే కథ మళ్లీ మొదటికే. బైనాక్యులర్‌ను ముందు ఏదైనా నక్షత్రం మీద సూదిమొనలా కనిపించేదాకా సరిచేసి, ఆపైన తోకచుక్క వైపు తిప్పాలి. తర్వాత చూపు రెండు రకాలుగా సాగాలి. తోక ఎంత దూరం పోయిందో తెలియాలంటే దానికి కొద్దిగా పక్కకు చూడాలి, రెటీనా నడిమధ్యలో దండ కణాలు లేవు, అంచుల్లోనే దట్టంగా ఉన్నాయి. రంగు కోసమైతే దీనికి విరుద్ధంగా, కోమా మధ్యలోకి సూటిగా చూడాలి, శంకు కణాలు గుమిగూడింది అక్కడే. రంగు తట్టేది ఆ కొద్ది చోటులోనే, అదీ క్షణకాలం.

అయితే తోచిన ఆకుపచ్చ పరికరానిదీ కావచ్చు. చవక బైనాక్యులర్లలో వెలుగైన వస్తువుల అంచున ఊదా, ఆకుపచ్చ చారలు పుడతాయి. శుక్రుడి మీద పెట్టి చూస్తే ఆ లోపం తెలిసిపోతుంది. పక్కనే ఉన్న తెల్ల నక్షత్రానికి లేని ఆకుపచ్చ తోకచుక్క తలకు మాత్రమే ఉండి, చట్రంలో దాన్ని ఎటు జరిపినా నిలిచి ఉంటే, ఆ రంగు డైకార్బన్‌దే. చూసినవారు తేదీ, గంట, తోకచుక్క ఎత్తు, చంద్రుడు ఉన్నాడా లేడా అన్నది, బైనాక్యులర్ అంకెలు రంగుతో పాటు రాసుకుంటే మరో ఊరివాళ్ల చూపుతో పోల్చడానికి వీలుంటుంది. రంగు తోచకపోతే ‘బూడిద’ అని రాయడం కూడా పరిశీలనే.