మంచు కాటు... మెట్టెలు తీసేయండి!

అమ్మాయి పురిటికని డిసెంబరులో చికాగోకో, మిన్నెసోటాకో ప్రయాణం కట్టే తల్లులు స్వెట్టర్లు, శాలువాలు, ఆవకాయ సీసా అన్నీ సర్దుకుంటారు. మంచు కాటు సంగతి మాత్రం చాలామందికి తెలియదు. మన లంబసింగి చలితో పోల్చకండి! మైనస్ 18 డిగ్రీల చలికి గంటకి 25 కిలోమీటర్ల గాలి తోడైతే, కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టవచ్చు.

ఒంట్లో వేడి తగ్గుతుంటే గుండె, మెదడు కాపాడుకోవడానికి శరీరం చేతులకీ కాళ్లకీ రక్తం తగ్గించేస్తుంది. అందుకే ముందు దెబ్బ వేళ్లకి, ముక్కుకి, చెవులకి. కండలో మంచు పలుకులు కట్టి కణాలు దెబ్బతింటాయి. మొదట సూదులతో పొడిచినట్టుంటుంది, తర్వాత నొప్పే తెలియదు. 'హమ్మయ్య, తగ్గింది' అనుకుంటాం చూశారూ, అసలు ప్రమాదం అప్పుడే! చర్మం మైనంలా పాలిపోతుంది. మన చామనఛాయకి బూడిదరంగుగా కనిపించవచ్చు.

చలేస్తే చేతులు రుద్దుకోవడం మన అలవాటు. ఇక్కడ అది వద్దు. 1812లో నెపోలియన్ సైన్యంతో రష్యా వెళ్లిన డాక్టర్ లారే మంచుతో రుద్దమన్నాడు. వందేళ్లకి పైగా అందరూ నమ్మారు, పాపం! కుంపటికి కాచుకోవడమూ వద్దు, తిమ్మిరెక్కిన చర్మం కాలినా తెలియదు.

ఇంట్లోకి రాగానే ఉంగరాలు, మెట్టెలు తీసేయండి. తర్వాత వాపు వస్తే రావు. 37 నుంచి 39 డిగ్రీల నీళ్లలో అరగంట ఉంచండి. థర్మామీటరు లేకపోతే, పసిబిడ్డకి నీళ్లు పోసేటప్పుడు చూసినట్టు మోచేత్తో చూడండి. మళ్లీ చలిలోకి వెళ్లక తప్పదంటే మాత్రం అప్పుడే కరిగించకండి, రెండోసారి గడ్డకడితే నష్టం ఎక్కువ. బొబ్బలొస్తే చిదపకుండా డాక్టరుకి చూపించండి.

అన్నట్టు, వెచ్చగా ఉంటుందని బిగుతు మేజోళ్లు రెండు జతలు తొడక్కండి, రక్తం ఆడదు.